ఒక్క పేరు, రెండు గుండెలు

నెయ్దల్ ఎఫ్.సి. ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టులోకి మధుమిత అడుగుపెట్టాలంటే ఇంకొక్క సంతకం కావాలి. జట్టు డాక్టర్ ఇంద్రజ సంతకం. ఆ రోజే, శుక్రవారం సాయంత్రం ఐదులోపల పేరు లీగ్ కంప్యూటర్‌లోకి ఎక్కాలి, ఎక్కకపోతే ఈ సీజన్ పోయినట్టే. తిరువొత్తియూరు గ్రౌండులో, గ్యాలరీ మెట్ల కింద ఉన్న వైద్యం గదిలో ఇంద్రజ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని నిమిషంపాటు లెక్కపెట్టింది. నలభై ఆరు. ఫైల్లో మధుమిత పేరుతో ఉన్న ఇ.సి.జి. కాగితంలో ఎనభై ఎనిమిది. ఒక మనిషి గుండె వేగం రెండు రోజుల్లో సగానికి పడిపోదు. ఇంద్రజ ఎవరినీ తిట్టలేదు. మధుమితని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, పెరంబూరులో ఉన్న ఏకాంబరం మాస్టర్‌కి ఫోను చేసి ఒక్కమాట చెప్పింది. ఒంటరిగా రండి అని. కథ పోయిన వారం అక్కడ ఆగింది.

మాస్టర్ వచ్చేసరికి మూడుంబావు. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా. చేతిలో నూనె మరకల పొట్లం.

"ఫోటో తీస్తారేమోనని ఈ చొక్కా ఏసుకోనొచ్చినా. మన బిడ్డ సంతకం పెట్టేటప్పుడు పక్కన ఎవురో ఒకరు ఉండాల గదా," అన్నాడు. గది తలుపు మీద 'డాక్టర్ ఎం. ఇంద్రజ, ఎం.బి.బి.ఎస్.' అని రాసిన రేకు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే తడిమాడు. "వడ తెచ్చినా, తిను. నీకు ఆ మూల అంగడిదే ఇష్టం గదా."

"కూర్చోండి మాస్టర్. వడ తర్వాత తింటా."

ఏకాంబరానికి అరవై తొమ్మిది. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. రోజూ డ్యూటీ దిగాక, సెలవు రోజుల్లో తెల్లవారుజామున, పెరంబూరు రైల్వే గోడ వెంట ఆడపిల్లల్ని పరుగెత్తించిన మనిషి. ఆడపిల్లలకి నిక్కర్లేంటని వీధి వీధంతా మూతి విరిస్తే, ఆ వీధి మధ్యలోనే వాళ్ళని వరసలో నిలబెట్టి పరుగెత్తించాడు. ఎవడి దగ్గరా చెయ్యి చాపలేదు. ఆ గోడ పక్క పరుగెత్తిన వాళ్ళలోనే ఇంద్రజ ఒకతె. ఎనిమిదేళ్ళు జీతం తీసుకుని బంతి ఆడింది. అందులో రెండు సీజన్లు మాల్దీవుల్లో. మోకాలు చెడిపోయాక ఇరవై ఏడేళ్ళ వయసులో, పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని పరీక్ష రాసి, డాక్టర్ చదువులో సీటు తెచ్చుకుంది. కాళ్ళతో బతికిన దానికి తలతో పనేంటని నవ్విన వాళ్ళందరూ ఇప్పుడు జ్వరమొస్తే 'బంతి డాక్టరమ్మ' ఇల్లెక్కడని అడుగుతున్నారు.

ఆ బంతి డాక్టరమ్మ ఇప్పుడు ఇ.సి.జి. కాగితాన్ని బల్ల మీద గురువు వైపు తిప్పింది.

"ఇది ఎవరిది మాస్టర్?"

"మధుమితది. పేరు ఉంది గదా."

"పేరు మధుమితదే. గుండె ఎవరిదని అడగతా ఉండా."

మాస్టర్ వడ పొట్లం దారం విప్పబోయి ఆగిపోయాడు. ముప్పయ్యేళ్ళుగా పిల్లలు అబద్ధం చెప్తే చూపుతోనే పట్టుకున్న మనిషి. తనకు మాత్రం అబద్ధం చెప్పడం చేతకాలేదు. చూపు కిటికీ వైపు పోయింది. కిటికీ బయట గ్రౌండు, గ్రౌండుకి అవతల సముద్రం. తమిళుల ఆడి నెల గాలికి కార్నర్ జెండాలు పటపటమంటున్నాయి.

"నీకెట్ట తెలిసింది?" అన్నాడు చివరికి.

"నేనూ ఆడినదాన్ని గదా మాస్టర్. పదేళ్ళు పరుగెత్తిన పిల్లకి పడుకున్నప్పుడు ఎనభై ఎనిమిది రాదు. వేరే డాక్టరైతే చూసి సంతకం పెట్టేసుండేవాడు."

"అదే అనుకున్నా. వేరే డాక్టరే ఉంటాడనుకున్నా." ముసలాయన పొట్లం బల్ల మీద పెట్టేశాడు. "నువ్వుంటావని తెలిసుంటే నేనీ పని చేసుండేవాణ్ణే కాదు. ఇల్లే, అదీ కాదు, చేసుంటానేమో. తెలియదు."

చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీశాడు. విప్పకుండానే బల్ల మీద పెట్టాడు.

"ఇది అసలుది. పెరంబూరు స్కాన్ సెంటర్‌లో తీసినారు. పైన చూడు, ఏం కొట్టిందో."

ఇంద్రజ విప్పింది. పైన పెద్దక్షరాల్లో మెషీన్ కొట్టిన ఒక ఇంగ్లీషు మాట. అబ్‌నార్మల్.

"ఆ మాట నాకు బాగా తెలుసు," అన్నాడు మాస్టర్. "ఇంగ్లీషులో నాకు తెలిసిన మాటలు కొన్నే. అది మటుకు మరిచిపోను. ఆనందన్ గుర్తున్నాడా? మన ఆడబిడ్డల ఎనకాలే గోడ పక్క పరుగెత్తిన పిల్లోడు. పన్నెండేళ్ళ కిందట ఒక కంపెనీ జట్టుకు ఎంపికైనాడు. ఉద్యోగం, జీతం, క్వార్టర్స్. మెడికల్‌కి పోతే ఆ మాట కొట్టిన కాగితం చేతికిచ్చి పంపేసినారు. ఏమని అడిగితే గుండె సరిగా లేదన్నారు. ఆ పొద్దు బంతి ఇడిసినోడు ఇడిసినాడే. ఇప్పుడు షేర్ ఆటో తోలతా ఉండాడు. మెట్లెక్కాలన్నా భయపడతాడు. ఈ బిడ్డను కూడా అట్ట చేస్తానా? వాళ్ళక్క అలివేలుమంగ మంచిది. ఒక్కమాట అడిగినా. వచ్చి మధుమిత పేరుతో పడుకునింది. నార్మల్ అని వచ్చింది. అంతేనమ్మా."

తప్పు ఒప్పుకుంటున్న మనిషి తల దించలేదు. అదీ ఏకాంబరం.

ఇంద్రజ అసలు కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టింది. ఒక్కొక్క గీతా చూసింది. స్కేలు పెట్టి కొలిచింది. చూస్తున్నకొద్దీ పెదవుల చివర ఏదో కదిలింది. మాస్టర్‌కి అది ఏడుపో నవ్వో అర్థం కాలేదు.

"మాస్టర్, నేను కాలేజీలో చేరిన సంవత్సరం ఇ.సి.జి. తీసేది నేర్పించినారు. ఒకరినొకరు పడుకోబెట్టి తీయాల. నన్ను పడుకోబెట్టినారు. నలభై ఎనిమిది వచ్చింది. మెషీను ఇదే మాట కొట్టింది. పక్కనుండే పిలకాయలు నన్ను స్ట్రెచర్ ఎక్కించేదానికి చూసినారు."

"మరి నాకు చెప్పలేదే."

"వినండి. మా ప్రొఫెసర్ వచ్చి కాగితం చూసి అడిగినాడు, ఇంతకుముందు ఏం పని చేస్తా ఉండినావని. బంతి ఆడతా ఉండినా సార్ అన్నా. ఆ కాగితం తీసుకొనిపోయి క్లాసులో అందరికీ చూపించినాడు. మీరందరూ ఇరవై ఏళ్ళకే మెట్లెక్కి ఆయాసపడతా ఉండారు, ఈమె గుండె చూడండి అన్నాడు. పరుగెత్తి పరుగెత్తి బలిసిన గుండె మాస్టర్ ఇది. ఒక్క తోపుకి కావలసినంత రక్తం పంపిస్తుంది. ఇంక దానికి తొందరెందుకు? మెషీనుకు అది తెలియదు. కుర్చీలో కూర్చోని లెక్కలు రాసే మనిషి గుండెను కొలబద్దగా పెట్టుకొని, దానికంటే నిదానంగా ఉండేదంతా రోగం అంటుంది."

మాస్టర్ వడ పొట్లం పక్కకి జరిపి బల్ల మీదికి వంగాడు.

"బుధవారం నేనే పక్కన నిలబడి మధుమితకి ఎకో, గుండె స్కాన్ తీయించినా. గోడలు, కవాటాలు అంతా చూసినాం. ఒక్క లోపం లేదు. ఈ పిల్లకి రోగం లేదు మాస్టర్. ఈ గుండెను మీరు కట్టినారు. గోడ పక్కన, పొద్దున ఐదింటికి. మీరే కట్టి, మీరే భయపడి దాచిపెట్టినారు."

ఏకాంబరం లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని, చదవడం రాని ఆ గీతల్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. జీవితంలో ఒక్క కప్పు గెలిచి ఇంట్లో పెట్టుకోలేదు ఆయన. పిల్లలు గెలిచినవన్నీ పిల్లల ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఇదిగో ఇప్పుడు చేతికొచ్చింది.

కాగితం దించి అడిగాడు. "అయితే ఆనందన్ది?"

ఈ ప్రశ్న వస్తుందని ఇంద్రజకు తెలుసు. అబద్ధంతో ఓదార్చడం ఆమెకు రాదు.

"కాగితం చూడకుండా చెప్పలేను. వాణ్ణి రేపు పిలుచుకొని రండి. నేను తీస్తా. అయ్యుండొచ్చు మాస్టర్. వాడిది కూడా ఇదే అయ్యుండొచ్చు."

పన్నెండేళ్ళు. ఒక్క ఇంగ్లీషు మాట. మెషీన్‌ని తిట్టి లాభం లేదు. అది కొట్టిన మాటను చదివి, వీడు ఏ గ్రౌండులో ఎన్నేళ్ళు పరుగెత్తాడో అడగాలన్న బుద్ధి పుట్టే మనిషి ఆ కుర్చీలో లేడు. మన గోడ పక్కన పరుగెత్తిన కాళ్ళు ఏవీ ఆ కుర్చీ దాకా చేరలేదు. ఇప్పుడు చేరాయి. ఈ గదిలో, ఈ కుర్చీలో కూర్చున్నాయి. ఎవరికైనా కడుపు మండితే మండనీ.

ఇంద్రజ తలుపు తీసి మధుమితని లోపలికి పిలిచింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బెంచీ మీద గంటసేపు ఒక్కతే కూర్చుని గోళ్ళన్నీ కొరికేసింది.

"సారీ అక్కా. మాస్టర్‌ని ఏమీ అనొద్దు. నేనే సరే అన్నా. రిజెక్ట్ అయిపోతుందని ఒకటే టెన్షన్."

"అట్ట పడుకో. మాట్లాడొద్దు. ఊపిరి మామూలుగా తీసుకో."

తీగలు తగిలించి ఇంద్రజ కొత్త ఇ.సి.జి. తీసింది. నలభై ఆరు. మెషీన్ మళ్ళీ అదే మాట కొట్టింది. ఇంద్రజ పెన్ను తీసి ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన 'క్రీడాకారిణి గుండె, ఆరోగ్యవంతమైనది' అని ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, పొడి సంతకం పెట్టింది.

"అంతేనా అక్కా?"

"అంతే. లే. మాస్టర్ వడ తెచ్చినాడు, తిను."

మాస్టర్ ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత బల్ల మీదున్న దొంగ కాగితం వైపు చూపించాడు.

"ఇంక దాన్ని చించెయ్యమ్మా. పీడ పోతుంది."

నిజమే. చించితే అయిపోయేది. ఫైల్లో మంచి కాగితం ఒకటి ఉంది, ఆ ఒక్కటి చాలు. ఇంద్రజ దొంగ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. చించబోతూ, చేతిలోకొచ్చిన ఏ ఇ.సి.జి.నైనా ఒకసారి చదివే అలవాటుకొద్దీ చూసింది. ఇందాక పైనున్న అంకె మాత్రమే చూసింది. గీతలు ఇప్పుడు చూస్తోంది.

గుండె కొట్టే ప్రతిసారీ నిటారుగా లేవవలసిన గీత, లేవకముందే కొంచెం ఒరుగుతోంది. మెట్టు ఎక్కే ముందు కాలు జారినట్టు. చాలా చిన్న ఒరుగు. మెషీన్‌కి అందలేదు, నార్మల్ అని కొట్టేసింది. ఇంద్రజ రెండో గీత చూసింది. మూడోది. ప్రతి దాంట్లో ఉంది.

"మీ అక్కకి ఎప్పుడన్నా కళ్ళు తిరిగినాయా?" అంది మధుమితతో. గొంతు మామూలుగానే ఉంది. కానీ గ్రౌండులో ఆ గొంతు ఎరిగిన మాస్టర్ వడ కింద పెట్టేశాడు.

"పోయిన నెల రెండు తూర్లు పడింది అక్కా, కొట్లోనే. గుండె దడదడమంటుంది అంటుంది. పొద్దున టిఫిన్ తినలేదు, అందుకే అన్నారు అందరూ. ఆడి శుక్రవారం అయితే ఉపవాసం కూడా ఉంటుంది. ఈరోజు కూడా ఉపవాసమే. ఏమక్కా?"

"మీ అక్క గుండెలో కరెంటు పోయే దోవ ఒకటి ఎక్కువుంది. పుట్టుకతో వచ్చింది. చాలామందికి ఏమీ కాదు. కొంతమందికి ఉన్నట్టుండి గుండె పరుగందుకుంటుంది, ఆగదు. మందుంది, చిన్న ఆపరేషన్ కూడా ఉంది, పూర్తిగా నయమైపోతుంది. కానీ ముందు ఆమెను కూర్చోబెట్టాల."

కూర్చోబెట్టాలి. అలివేలుమంగ పని చేసేది టి. నగర్‌లో, ఆరంతస్తుల చీరల కొట్లో. పదకొండు గంటలు నిలబడే ఉద్యోగం. కూర్చునే హక్కు చట్టంలో రాసిపెట్టారు. ఆ కొట్లో దానికొక స్టూలు పడలేదు. అందులోనూ ఆడి తగ్గింపు అమ్మకాలు, శుక్రవారం.

అప్పుడే తలుపు తట్టి, సమాధానం కోసం ఆగకుండా జట్టు మేనేజర్ వెంకట్రామ్ లోపలికొచ్చాడు. విజయవాడ నుంచి వచ్చి రెండేళ్ళయింది. మర్యాదస్తుడు, గడియారం మనిషి.

"డాక్టర్ గారూ, నాలుగున్నర దాటిందండీ. ఆ ఫైలు ఇచ్చేస్తే నేను అప్‌లోడ్ చేసేసుకుంటాను." అంటూనే బల్ల మీది కాగితాల మీదికి వంగాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇదేంటండీ, ఒక్క పేరుకి రెండు గుండెలున్నాయి?"

మాస్టర్ ముందుకొచ్చాడు. "అది మెషీను తప్పు సార్, స్కాన్ సెంటర్‌లో..."

"మాస్టర్," అంది ఇంద్రజ. అంతే, ఆయన ఆగిపోయాడు.

ఏం చెప్పాలో ఇంద్రజకు తెలుసు, చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ కాగితం మధుమితది కాదంటే మోసం. మోసమంటే పిల్ల పేరు ఎక్కదు. ఈ సీజన్‌తో పోదు, ఏ జట్టూ దగ్గరికి రానివ్వదు. ముప్పయ్యేళ్ళు ఎవడి దగ్గరా చెయ్యి చాపని మాస్టర్ పేరు బజారున పడుతుంది. మెషీన్ తప్పే అంటే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. అలివేలుమంగ గుండెకి సాక్ష్యం ఇంకేదీ లేదు. ఉత్త చేతులతో వెళ్ళి, ఈ అమ్మాయికి పెద్ద జబ్బుందని చెబితే ఏ పెద్దాసుపత్రి ఈ రాత్రికి పడక ఇస్తుంది?

ఆమె నోరు తెరిచేలోపల మధుమిత తెరిచింది.

"ఆ రెండోది మా అక్కది సార్. నాది కాదు. నేనే మోసం చేసినా. పేరు ఎక్కకపోతే ఎక్కకపోనీ, ముందు మా అక్క దగ్గరికి డాక్టరక్కని పంపించండి."

వెంకట్రామ్ మొహం గట్టిపడింది. "తెలిసే అంటున్నారా అమ్మా? ఇది రికార్డులోకి వెళ్తే మిమ్మల్ని ఎవరూ తీసుకోరు."

"తెలుసు సార్."

ఇంద్రజ ఆ పిల్ల వైపు ఒక్క క్షణం చూసింది. ఆ పక్కనే మాస్టర్, కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా నిలబడి ఉన్నాడు. ఆయన ఈ పిల్లకి కట్టింది గుండె ఒక్కటే కాదు.

పెన్ను తీసింది. ఫైలు చివరి పేజీలో రాసింది. మొదటి ఇ.సి.జి. ఈ క్రీడాకారిణిది కాదు, ఆరోగ్యంగా ఉన్న గుండెను జబ్బు గుండె అని భ్రమపడి భయంతో మార్చారు. రెండోది నేను స్వయంగా తీశాను. ఈమె ఆడటానికి పూర్తిగా యోగ్యురాలు. కింద పూర్తి సంతకం. మొదటి కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసుకుని, రెండు కాగితాలూ ఫైలుకి కుట్టి వెంకట్రామ్ చేతిలో పెట్టింది.

"అంతా అందులో ఉంది. దాచింది ఏమీ లేదు. పై నిర్ణయం మీది. ఆ మెషీన్ మాటకి ఇంకొకరిని షేర్ ఆటోకి పంపిస్తారో, మైదానంలోకి పంపిస్తారో మీరే చూడండి."

వెంకట్రామ్ చివరి పేజీ విప్పి చదివాడు. ఫైలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

"మీ అక్కకి ఫోను చెయ్యి," అంది ఇంద్రజ.

"ఎత్తదు అక్కా. పనిలోకి పోయేటప్పుడే అందరి ఫోన్లూ లాకర్‌లో పెట్టించేస్తారు. రాత్రి పదింటికి ఇస్తారు." మధుమిత బూట్లు పెట్టుకుని తెచ్చిన సంచీ బెంచీ కింద నుంచి లాగింది. ఆ కొట్టు సంచీయే. దాని మీద కొట్టు నంబరు ఉంది.

ఇంద్రజ తన ఫోను స్పీకరు మీద పెట్టి ఆ నంబరుకి కొట్టింది. నాలుగోసారికి ఎత్తారు. వెనక నుంచి ఒకటే జనం రొద. ఎత్తినామె మూడో అంతస్తు సూపర్‌వైజర్ లూర్దుమేరి. తమిళంలో మొదలుపెట్టి, ఇంద్రజ మాట విని తెలుగులోకి దిగింది.

"అలివేలుమంగా? ఉండాదమ్మా. ఈ పొద్దు లిఫ్టు పనిచేయలా. చీరల కట్టలు మెట్ల మీద మోస్తా ఉండాది. ఎవురు మీరు?"

"నేను డాక్టర్ని. ఆమెను మోయనివ్వద్దు. ఎక్కడుంటే అక్కడే కూర్చోబెట్టండి. ఇప్పుడే."

"కూర్చోబెడితే మేనేజరు నన్ను తిడతాడమ్మా."

"నన్ను తిట్టమను. పో."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు దూరమయ్యాయి. గ్రౌండు గదిలో నలుగురూ ఆ చిన్న పెట్టె వైపు వంగి నిలబడ్డారు. ఎవరో ఆవిడ పట్టుచీర అంచు బాగాలేదని బేరమాడుతోంది. ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తోంది. తర్వాత బేరం ఆగింది. ఒకేసారి చాలా గొంతులు లేచాయి. పరుగెత్తుకొచ్చిన అడుగులు.

"డాక్టరమ్మా." లూర్దుమేరి రొప్పుతోంది. "మెట్ల మీదనే కూలబడుండాది. గుండె పైటమీద నుంచే కనపడతా కొట్టుకునింది. పేరు పిలిస్తే చూసింది. ఇప్పుడు కళ్ళు మూసేసిందమ్మా. ఊపిరి ఉందో లేదో తెలీలా."

ఇంద్రజ బల్ల మీద రెండు అరచేతులూ ఆనించింది. గొంతు పెంచలేదు.

"మేరీ, ఆ ఫోను తాడు ఎంతవరకూ వస్తే అంతవరకూ లాగు. చీరలు కొనేదానికొచ్చినోళ్ళ ఫోను అడిగి పక్కనుండే పిల్లతో 108కి కొట్టించు, నేను చెప్పేది నువ్వు గట్టిగా అరిచి మెట్ల దగ్గరికి వినిపించు. ఇంకొకరిని మెట్ల దగ్గర నేల మీద మోకాళ్ళూనుకొని కూర్చోమను. చీరల కట్టలన్నీ తోసెయ్యండి. ఆమెను వెల్లకిలా పడుకోబెట్టండి. ఇప్పుడు రొమ్ము నడుమ రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నేను లెక్కపెడతా ఉంటే బలంగా నొక్కమను."